"అర్థమైందా" అని అడగొద్దు, చెప్పించండి: డాక్టర్లకు, వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు, రెండు రాష్ట్రాల వైద్య మండళ్ల సభ్యులకు, ఆస్పత్రుల యాజమాన్యాలకు, రోజూ ఓపీలో కూర్చునే డాక్టర్లకు,

నమస్కారం.

నేను రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న ఒక మండల కేంద్రంలో మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. మా దగ్గరి జనం జ్వరానికి ఊళ్లో చూపించుకుంటారు. కాస్త పెద్ద జబ్బయితే కొందరు ఖమ్మం వైపు, కొందరు విజయవాడ వైపు పోతారు. ఎక్కడికి పోయినా చీటీ పట్టుకుని చివరికి మా కౌంటర్ దగ్గరికే వస్తారు. మందులు తీసి ఇచ్చేలోపు అడిగే ప్రశ్న ఒకటుంటుంది. "ఇంతకీ నాకేమైందని రాసిండు సారూ?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేను కాదు. నేను రోగిని పరీక్ష చేయలేదు, స్కానింగ్ చూడలేదు. అయినా రోజూ అడుగుతారు. అంటే వందల రూపాయల ఫీజు, వేల రూపాయల టెస్టులు అయ్యాక కూడా, తనకున్న జబ్బేమిటో తెలియకుండానే మనిషి బస్సెక్కి ఇంటికొస్తున్నాడు.

ఈ సంగతి ముందు పద్ధతిగానే చెప్పుకున్నాం. మా ప్రాంతంలోని ఫార్మసిస్టులం కొందరం, మరికొందరు ఆశా కార్యకర్తలతో కలిసి సంబంధిత కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. తీసుకుని ముద్ర వేశారు, "పైకి పంపాం" అన్నారు. ఆ పై నుంచి ఇంతవరకు ఏమీ రాలేదు. ఒక ప్రైవేటు ఆస్పత్రి యాజమాన్యాన్ని కూడా కలిశాం. వాళ్లు మర్యాదగానే కూర్చోబెట్టి, ఫైళ్లు తెప్పించి చూపించారు. "చూడండి, అన్నీ ఫామ్‌లోనే ఉన్నాయి. ప్రతి పేజీ మీద సంతకం ఉంది. ఇంకేం చెప్పాలి?" అన్నారు. ఫామ్ మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది. కింద ఉన్న సంతకం తెలుగులో, ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసినట్టు ఉంది. ఇక అందరికీ తెలిసేలా రాయడం తప్ప దారి లేదనిపించింది.

కరోనా రోజుల్లో మీరు చేసింది మేం మర్చిపోలేదు. మీ చదువు మీద, మీ చేతి మీద మాకు అనుమానం లేదు. మేం అడుగుతున్నది మాట గురించి. మీరు చెప్పింది రోగి తన మాటల్లో తిరిగి చెప్పగలిగినప్పుడే చెప్పినట్టు లెక్క. సంతకం దానికి సాక్ష్యం కాదు. ఎందుకు కాదో, కాకపోతే మామూలు జనానికి ఏం జరుగుతోందో కింద రాస్తున్నాం.

1. చీటీ మీద మాట తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే భారత వైద్య మండలి నిబంధన మార్చింది. చేతిరాత బాధ ఇప్పుడు కొంత తగ్గింది, చాలాచోట్ల కంప్యూటర్ చీటీలు వస్తున్నాయి. కానీ కంప్యూటర్ కూడా అవే పొడి అక్షరాలు అచ్చేస్తోంది: ఓడీ (రోజుకు ఒకసారి), బీడీ (రోజుకు రెండుసార్లు), టీడీఎస్ (రోజుకు మూడుసార్లు), హెచ్ఎస్ (పడుకునే ముందు), ఎస్ఓఎస్. బీడీ అంటే మా ఊళ్లో కాల్చేది. ఎస్ఓఎస్ అంటే నొప్పి ఉంటేనే వేసుకోమని. అది తెలియక నొప్పి మాత్రలు నెలల తరబడి మింగి కిడ్నీల మీదికి తెచ్చుకున్నవాళ్లను మేం చూశాం.

వీటన్నిటికంటే భయపెట్టేది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మిగతా మాత్రలన్నీ రోజూ వేసుకునే మనిషి దీన్ని కూడా రోజూ వేసుకుంటే నోరు పూయడంతో మొదలై రక్తకణాలు పడిపోయేదాకా వెళ్తుంది, చనిపోయే ప్రమాదం కూడా ఉంది. చీటీలో ఆ సంగతి ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. "ఆదివారం ఒక్కరోజే, మిగతా రోజులు వద్దు" అని డాక్టరు నోటితో చెప్పడానికి పట్టేది ఎంతసేపు?

పసిపిల్లల జ్వరం మందు కూడా ఇలాంటిదే. పారాసిటమాల్ చుక్కల మందులో ఒక ఎం.ఎల్.కు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో అయితే మామూలుగా 5 ఎం.ఎల్.కు 125 మిల్లీగ్రాములే. అంటే చుక్కల మందు నాలుగు రెట్లు ఘాటు. పోయినసారి సిరప్ వాడిన తల్లి ఈసారి చుక్కల మందు కూడా అదే చెంచాతో పట్టిస్తే ఏమవుతుందో మీకు మేం చెప్పక్కర్లేదు. అసలు 5 ఎం.ఎల్. అంటే ఇంట్లో ఉన్న ఏ చెంచా? టీ చెంచానా, కూర గరిటా? మూతతో కొలిచి ఇమ్మని చెప్పేవాళ్లు ఉన్నారు. చెప్పనివాళ్లే ఎక్కువ.

టీబీ మందులు ఆరు నెలలు వాడాలి. నెల, రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒళ్లు తేలికపడుతుంది. సరిగ్గా అక్కడే చాలామంది ఆపేస్తారు. "కోర్సు పూర్తి చేయాలి" అన్న మాట వాళ్ల చెవిన పడే ఉంటుంది. "మధ్యలో తగ్గినట్టు అనిపిస్తుంది, అప్పుడు ఆపితే పురుగు మొండిదై ఈ మందులకు లొంగదు, ఇంట్లో పిల్లలకూ అదే అంటుతుంది" అని మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. మొదటి మాట డాక్టరుకు సరిపోతుంది. రోగికి అక్కరకొచ్చేది రెండోది.

ఒక మంచి కూడా చెప్పాలి. చీటీలో 1-0-1 అని వేసే పద్ధతి జనానికి బాగా పట్టింది. చదువు రాని ముసలమ్మ కూడా "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని అప్పజెబుతుంది. ఎవరో ఒకరు రోగి వైపు నుంచి ఆలోచించారు కాబట్టే అది కుదిరింది.

2. "అర్థమైందా?" అంటే వచ్చే జవాబు ఎప్పుడూ "ఆఁ సార్".

బయట ఇంకా నలభై మంది ఉన్నారు. నర్సు తలుపు దగ్గర నిలబడి "తొందరగా" అంటోంది. ఎదురుగా ఉన్నది పెద్ద చదువు చదివిన మనిషి. అలాంటప్పుడు "అర్థం కాలేదు సార్, మళ్లీ చెప్పండి" అనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? అడిగితే డాక్టరును తక్కువ చేసినట్టవుతుందేమో, కోప్పడతాడేమో అని టెన్షన్. అందుకే తలూపుతారు. బయటికొచ్చి అటెండర్ని అడుగుతారు, ఆటో డ్రైవర్ని అడుగుతారు, మమ్మల్ని అడుగుతారు. చివరికి ఊళ్లో ఆర్ఎంపీని అడుగుతారు.

ఈ ఆర్ఎంపీల గురించి మీకు కోపం ఉంది, అందులో న్యాయమూ ఉంది. కానీ జనం అతని దగ్గరికే మొదట ఎందుకు పోతారో ఒక్కసారి ఆలోచించండి. అతను మంచం మీద కూర్చుని "ఏం పెద్దమ్మా, రాత్రి పట్టిందా నిద్ర?" అంటాడు. "ఇదిగో ఈ గోళీ మంట తగ్గడానికి, ఇది నీరసానికి" అని ఒక్కొక్కటి చేతిలో పెట్టి చెప్తాడు. చెప్పింది తప్పే కావచ్చు, ఇచ్చిన స్టెరాయిడ్ ప్రాణం తీయొచ్చు కూడా. కానీ అర్థమయ్యేలా చెప్పాడు. సరైన వైద్యం తెలిసినవాళ్లు చెప్పకపోవడం, తెలియనివాళ్లు చెప్పడం. ఈ రెండూ కలిసి మా పల్లెల్లో చేస్తున్న నష్టం అంతా ఇంతా కాదు.

డాక్టర్లకు టైం లేదన్నది నిజం. వివిధ దేశాల్లో డాక్టరు ఒక్కో రోగితో ఎంతసేపు గడుపుతాడో పోల్చిన ఒక పెద్ద పరిశీలన 2017లో వచ్చింది. అందులో మన దేశం లెక్క రెండు నిమిషాలకు కాస్త పైన. అందుకే మేం గంటసేపు ఉపన్యాసం అడగడం లేదు. "అర్థమైందా?" అనే ఒక్క ప్రశ్న బదులు "ఇంటికెళ్లాక మందులు ఎట్లా వేసుకుంటారో ఒకసారి చెప్పండి" అని అడగమంటున్నాం. సరిగ్గా చెప్తే అర నిమిషంలో అయిపోతుంది. తప్పు చెప్తే, ఆ తప్పు ఇంట్లో కాకుండా మీ ముందే బయటపడుతుంది.

3. గర్భసంచి.

ఈ విషయం మీద ఎక్కువ రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాట వల్ల శరీరానికి జరిగే నష్టం ఇంత స్పష్టంగా కనిపించేది ఇంకొకటి లేదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకు దాదాపు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. దేశంలో మన రెండు రాష్ట్రాలే ముందున్నాయి. మన ఆడవాళ్ల గర్భసంచులు మిగతా దేశం కంటే అంతగా పాడైపోవడానికి వైద్యపరమైన కారణం ఏమైనా ఉందా? ఉంటే చెప్పండి, వింటాం.

మాకు కౌంటర్ దగ్గర వినిపించేది మాత్రం కొన్ని మాటలే. "గర్భసంచికి పుండు పడిందట." "వాచిందట." "ఉంచుకుంటే క్యాన్సర్‌లోకి దిగుతుందన్నరు." "పిల్లలు పుట్టేసిండ్రు గదా, ఇంకెందుకు అన్నరు." తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువ అవుతోందనో చూపించుకోవడానికి వెళ్లిన మనిషి ఆపరేషన్ తేదీ పట్టుకుని వస్తుంది. ఆమె వయసు ముప్పయ్యయిదు కూడా ఉండదు. మందులతో తగ్గుతుందేమో చూద్దామన్నారా? హార్మోన్ ఉన్న లూప్ లాంటిది వేసి చూడొచ్చని చెప్పారా? గడ్డలుంటే గడ్డలు మాత్రమే తీసే వీలుందా? అండాశయాలు కూడా తీస్తున్నారా, ఉంచుతున్నారా? ఈ ప్రశ్నలు అడిగితే ఆమె నా ముఖంలోకి చూస్తుంది. ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యమైనది. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఆగడమే కాదు, ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. కూలికి పోయే మనిషి నలభయ్యో ఏట నడుము పట్టేసి కూర్చుంటే ఆ ఇల్లు ఎలా గడుస్తుంది?

ఇలాంటి రోగుల్లో క్యాన్సర్ నిజంగా ఉన్నవాళ్లూ ఉంటారు, ఆపరేషన్ తప్పనివాళ్లూ ఉంటారు. వాళ్లకు చేయాల్సిందే. కానీ "క్యాన్సర్" అన్న మాట అన్నాక వినేవాళ్లకు ఇంకే మాటా వినపడదు. "వందలో ఎంతమందికి వస్తుంది, నాకు వచ్చే అవకాశం ఎంత" అని అడగాలని కూడా తోచదు. పొలం కుదువ పెట్టయినా ఆపరేషన్ చేయిస్తారు. అందుకే ఆ మాట వాడేముందు పరీక్ష రిపోర్టు చేతిలో ఉండాలి.

చట్టం వైపు నుంచి చూసినా ఇదేమీ కొత్త కోరిక కాదు. పరీక్ష కోసమని మత్తు ఇచ్చి, రోగిని అడగకుండానే గర్భసంచి, అండాశయాలు తీసేసిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2008లో తీర్పు ఇచ్చింది. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు అనుమతి కాదని చెప్పింది. వైద్యం ఏమిటి, దాని లాభం ఏమిటి, వేరే దారులు ఏమున్నాయి, ముఖ్యమైన ప్రమాదాలు ఏమిటి, వద్దంటే ఏమవుతుంది అన్నవి రోగికి తెలిపి తీసుకున్నదే అసలైన అనుమతి అంది. అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో అదే కోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలన్నది ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. మా జిల్లాలో ఆ కమిటీ ఎవరో, ఎక్కడ కూర్చుంటుందో మేం అడిగిన ఏ ఒక్కరూ చెప్పలేకపోయారు.

4. ఖమ్మంలో ఒకసారి ఇదే జరిగింది.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం ప్రాంతాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. దాదాపు 14,000 మంది పిల్లలు. అందులో చాలామంది గిరిజన సంక్షేమ హాస్టళ్లలో ఉండేవాళ్లు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. టీకా వేయించుకున్నవాళ్లలో కొందరు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. ఆ టీకా మంచిదే, గర్భసంచి మూతి దగ్గర వచ్చే క్యాన్సర్‌ను ఆపడానికి పనికొస్తుంది. మా షాపులో అడిగినవాళ్లకు మేమూ అదే చెప్తాం.

తప్పు జరిగింది అనుమతి దగ్గర. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఆ లెక్క బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి 9,543 అనుమతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. కోయ మాట్లాడే తల్లికి, కొండరెడ్డి తెగ తండ్రికి ఈ సూది ఎందుకో, ఎన్నిసార్లో, తర్వాత ఒంట్లో బాగోకపోతే ఎవరిని అడగాలో చెప్పినవాళ్లు ఎవరు? కాగితాలు మాత్రం పూర్తయ్యాయి.

దాని ఫలితం ఇంకా పోలేదు. హెచ్‌పీవీ టీకా గురించి ఎప్పుడు మాట్లాడినా మా వైపు పెద్దవాళ్లు "ఆ భద్రాచలం సూదేనా?" అంటారు. పిల్లలకు వేయించమని నచ్చజెప్పడానికి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరగాల్సి వస్తుంది. ఒక్కో తల్లితో కూర్చుని మాట్లాడే ఆ ఓపిక ఆనాడే చూపించి ఉంటే సరిపోయేది.

5. "ఏమీ చెప్పలేం" అని ఊరుకుంటే గొడవలు పుడతాయి.

ఐసీయూ బయట కూర్చున్న కుటుంబానికి దొరికే మాటలు రెండే. "ఇరవై నాలుగ్గంటలు గడిస్తే గానీ చెప్పలేం." "కౌంటర్‌లో డబ్బు కట్టి రండి." మూడోరోజు మనిషి పోయాడని చెప్తారు. డాక్టర్ల మీద దాడులు తప్పు. వాటిని ఆపడానికి 2008లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం తెచ్చారు, దాన్ని గట్టిగా అమలు చేయాలని మేమూ కోరుతున్నాం. కానీ మొదటిరోజే "పరిస్థితి బాగోలేదు, మేం చేస్తున్నది ఇది, బతికే అవకాశం తక్కువ" అని కూర్చోబెట్టి చెప్పిన చోట గొడవలు తగ్గుతాయని అనుభవం ఉన్న ఏ డాక్టరుని అడిగినా చెప్తారు. చెడ్డ వార్త చెప్పే బాధ్యతను మొన్న చేరిన జూనియర్ మీద తోసేయడం మానండి.

6. కాన్పు గదిలో వాడే మాటలు.

ఇవి ఇక్కడ రాయలేం. ప్రసవానికి వెళ్లొచ్చిన ఆడవాళ్లను ఎవరినైనా అడగండి, చెప్తారు. కాన్పు గదుల్లో గౌరవంగా మెలగాలని కేంద్రం 2017లో 'లక్ష్య' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. గోడ మీద బోర్డు ఉంది. ఓపీలో కూడా తల్లి వయసున్న మనిషిని "నువ్వు" అంటే ఆమె ఇక నోరు తెరవదు, అసలు బాధ చెప్పకుండానే లేచిపోతుంది. "మీరు", "అమ్మా" అంటే అదనంగా ఖర్చేమీ లేదు కదా.

వీటికి మాకు వచ్చే జవాబులు కొన్ని ఉన్నాయి. మొదటిది, వైద్యం మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది, తెలుగులో మాటలు లేవు అని. మధ్యప్రదేశ్‌లో 2022లో ఎంబీబీఎస్ పుస్తకాలు హిందీలో తెచ్చారు. మేం అడిగేది అది కాదు. మీరు ఏ భాషలో చదువుకున్నా మాకు అభ్యంతరం లేదు. పుస్తకాల తెలుగు కూడా మాకు వద్దు. మధుమేహం అని రాసి అంటిస్తే ఎవరూ ఆగి చూడరు, షుగర్ అంటే చూస్తారు. అతిసారం అనే పోస్టర్ ముందు నిలబడే తల్లి "పిల్లాడికి మోషన్స్ అవుతున్నాయి" అంటుంది. జనం నోట్లో ఉన్న మాటే రాయండి, అది బీపీ అయినా, స్కానింగ్ అయినా, గ్యాస్ అయినా సరే.

రెండోది, అంతా చెప్తే రోగి భయపడి వెళ్లిపోతాడు అని. కొందరు వెళ్తారేమో. ఆ హక్కు వాళ్లకు ఉంది. చాలామంది భయపడేది చెప్పినందుకు కాదు, ఏదో దాస్తున్నారని అనిపించినందుకు. మూడో జవాబు కాస్త మెల్లగా చెప్తారు, కాగితం కోర్టు కోసం అని. అదే నిజమైతే కనీసం దాన్ని "రోగి అంగీకార పత్రం" అని పిలవడం మానేయాలి.

అందుకే ఈ కింది పనులు చేయమని కోరుతున్నాం.

1. రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రుల్లో ప్రతి అనుమతి పత్రం వాడుక తెలుగులో ఉండాలి. ఉర్దూ మాట్లాడేవాళ్లకు ఉర్దూలో ఇవ్వాలి. కోయ, గోండి, సవర మాట్లాడేచోట ఆ భాష వచ్చిన మనిషి చదివి వినిపించి, తన పేరు కూడా రాయాలి. అత్యవసరం కాని ఆపరేషన్ అయితే ఆ పత్రం కనీసం ఒకరోజు ముందు చేతికివ్వాలి. థియేటర్ తలుపు దగ్గర గౌను వేశాక సంతకం అడిగితే ఎవరు చదువుతారు? మానసిక ఆరోగ్య చట్టం 2017లోనే రోగికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వాలని రాసుకున్నాం. కొత్త మందుల ప్రయోగాలకు 2019 నిబంధనల్లోనూ అదే ఉంది. మిగతా రోగులు ఏం పాపం చేశారు?

2. ఆ పత్రంలో సంతకం పైన ఒక ఖాళీ పెట్టండి. "నాకు ఏం చేయబోతున్నారు, ఎందుకు, వేరే దారి ఏముంది" అన్నది రోగి తన మాటల్లో చెప్తే, దాన్ని చెప్పినది చెప్పినట్టు అందులో రాయాలి. రోగి చెప్పలేకపోతే మళ్లీ వివరించాలి, అప్పటిదాకా సంతకం తీసుకోకూడదు. ఈ ఉత్తరంలో మిగతావన్నీ పక్కన పెట్టినా దీన్ని మాత్రం పక్కన పెట్టొద్దని మనవి.

3. గర్భసంచి ఆపరేషన్లకు విడిగా ఒక పత్రం ఉండాలి. అందులో ఇంతకుముందు వాడిన మందులు, ప్రయత్నించిన వేరే దారులు, అండాశయాలు తీస్తున్నారా లేదా అన్నది తప్పనిసరిగా ఉండాలి. నలభై ఏళ్ల లోపు వాళ్లకు రెండో డాక్టరు అభిప్రాయం ఉండాలి. జిల్లా కమిటీల పేర్లు, ఫోన్ నంబర్లు ప్రతి పీహెచ్‌సీ గోడ మీద రాయించండి.

4. డిశ్చార్జి కాగితాలతోపాటు ఒకే ఒక్క పేజీ తెలుగులో ఇవ్వాలి. ఏమైంది, ఏం చేశాం, ఏ మందు ఎన్నాళ్లు, ఏం కనిపిస్తే వెంటనే రావాలి. ఏటీఎం తెలుగులో అడుగుతుంటే ఆస్పత్రి కంప్యూటర్‌కు తెలుగు రాకపోవడానికి కారణం కనిపించడం లేదు. ఆరోగ్యశ్రీ మొదలైన 2007 నుంచీ ఆస్పత్రుల్లో ఆరోగ్యమిత్రలు ఉన్నారు. వాళ్ల పని కాగితాలు అప్‌లోడ్ చేయడంతో ఆగకుండా ఈ పేజీ చదివి చెప్పడం దాకా రావాలి.

5. చీటీల్లో పొడి అక్షరాలు తీసేయండి. వారానికి ఒకసారి వేసుకునే మందు అయితే వారంలో ఏ రోజో రాసి, చుట్టూ గీత గీయండి.

6. ప్రభుత్వ వైద్య కాలేజీల పీజీ సీట్లలో సగం అఖిల భారత కోటా. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలు మన పెద్దాస్పత్రుల్లో రాత్రింబవళ్లు పనిచేస్తున్నారు, వాళ్లకు మా కృతజ్ఞతలు. కానీ వాళ్లకూ రోగికీ మధ్య ఇప్పుడు దుబాసీ పని చేస్తున్నది వార్డు బాయ్, లేదంటే పక్క మంచం వాళ్ల అబ్బాయి. చేరిన మొదటి మూడు నెలల్లో మాట్లాడే తెలుగు నేర్పండి. నేర్చుకునేదాకా డ్యూటీలో శిక్షణ ఉన్న దుబాసీని పెట్టండి. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో మాట్లాడడం కూడా పాఠంగా పెట్టారు, స్థానిక భాష నేర్పాలన్నారు. ఆ పాఠానికి పరీక్ష పెట్టేటప్పుడు ఎదురుగా నటించే క్లాస్‌మేట్ కాకుండా నిజమైన పల్లెటూరి రోగి ఉండాలి.

7. మమ్మల్నీ వదలొద్దు. మందు ఎలా వాడాలో ఫార్మసిస్టు రోగికి చెప్పాలని 2015 నిబంధనల్లో ఉంది. గోడకు సర్టిఫికెట్ వేలాడుతూ, ఆ సర్టిఫికెట్ మనిషి మాత్రం ఎప్పుడూ కనిపించని షాపులు ఎన్ని ఉన్నాయో డ్రగ్ ఇన్‌స్పెక్టర్లకు తెలియనిది కాదు. తనిఖీకి వచ్చినప్పుడు స్టాకు రిజిస్టర్‌తోపాటు, షాపు నుంచి బయటికి వెళ్తున్న మనిషిని ఆపి "ఈ మందు ఎట్లా వేసుకుంటావు?" అని కూడా అడగండి.

ఈ లేఖ కాపీలను రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయాలకు, వైద్య మండళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాం. వీటిలో ఏవి చేస్తారో, ఏవి చేయరో, చేయకపోతే ఎందుకు చేయరో 30 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాం. ఆ గడువు దాటితే సమాచార హక్కు చట్టం కింద ప్రతి జిల్లా ఆస్పత్రిని రెండు విషయాలు అడుగుతాం. మీరు వాడుతున్న అనుమతి పత్రాల నమూనా కాపీ ఇవ్వండి. గర్భసంచి ఆపరేషన్ల పర్యవేక్షణ కమిటీ ఇప్పటివరకు ఏ తేదీల్లో సమావేశమైందో చెప్పండి. వచ్చిన జవాబులను వచ్చినట్టే మా షాపుల ముందు అంటిస్తాం.

ఇట్లు,
సరిహద్దు మండలాల ఫార్మసిస్టులు, ఆశా కార్యకర్తల తరఫున
ఒక మెడికల్ షాపు ఫార్మసిస్టు